కపాలశలభము: నామకరణ చరిత్ర

నువ్వుచేలలో వ్రేలంత లావున, నున్నని ఆకుపచ్చ మేనితో, తోకపై చిన్న కొమ్ముతో ఒక లద్దెపురుగు కానవచ్చును. దానిని కొమ్ముపురుగు అందురు. అది ఆకులు తిని పెరిగి, మట్టిలో దూరి, కొంతకాలమునకు పెద్ద శలభమై వెలువడును. ఆ శలభపు వీపుపై మానవ కపాలమును పోలిన మచ్చ యుండును. పట్టుకొన్నచో అది కీచుమని అరచును.

దీనికి దగ్గరి బంధువైన మరియొక కపాలశలభము ఐరోపా, ఆఫ్రికా ఖండములలో కలదు. ఐరోపా ప్రజలు పూర్వము దానిని చూచి, మరణము సమీపించినదని వణకెడివారు. ఆ భయమే దాని శాస్త్రనామమునకు మూలమయ్యెను.

స్వీడను దేశీయుడగు లిన్నేయస్ 1758లో ప్రకటించిన గ్రంథమున ప్రతి జంతువునకును రెండు మాటల పేరు పెట్టెను. మనకు ఇంటిపేరు ముందును, పెట్టిన పేరు వెనుకను వచ్చునట్లే, అందు మొదటి మాట ప్రజాతిని, రెండవ మాట జాతిని తెలుపును. సీతాకోకచిలుకలను, శలభములను అన్నింటిని ఆయన మూడు ప్రజాతులలోనే ఇమిడ్చెను. ఐరోపా కపాలశలభమునకు 'స్ఫింక్స్ అట్రోపోస్' అని పేరిడెను. స్ఫింక్స్ అనునది ఈజిప్టులోని ప్రసిద్ధ శిలావిగ్రహము. ఈ వర్గపు లద్దెపురుగులు తల పైకెత్తి, ఆ విగ్రహమువలె కదలక కూర్చుండును. అట్రోపోస్ అనగా గ్రీకు పురాణములలో మానవుల ఆయుస్సు అను దారమును త్రెంచు దేవత.

లిన్నేయస్ శిష్యుడగు ఫాబ్రిషియస్ 1798లో ఒక ఆసియా జాతికి 'లాకెసిస్' అని పేరు పెట్టెను. ఆమె ఆ దారమును కొలుచు దేవత. రానురాను క్రొత్త జాతులు చేరి స్ఫింక్స్ ప్రజాతి క్రిక్కిరిసిపోయెను. అప్పుడు జర్మను శాస్త్రజ్ఞుడు లాస్పెరెస్ 1809లో కపాలశలభములను వేరుచేసి, 'అకెరోంటియా' అను ప్రజాతిని ఏర్పరచెను. అకెరాన్ అనునది, మన వైతరణివలె, గ్రీకుల పరలోకపు నది. మన నువ్వుచేల శలభమునకు 1847లో ఆంగ్లేయుడగు వెస్ట్‌వుడ్ 'స్టిక్స్' అను మరియొక పరలోకనది పేరిడెను. ఈ ప్రజాతిలోని జాతులు ఈ మూడే.

దత్తత పోయిన బిడ్డకు ఇంటిపేరు మారును గాని పెట్టిన పేరు మారదు. జంతునామములకును అదియే నియమము. అందుచేతనే ఐరోపా శలభమును నేడు 'అకెరోంటియా అట్రోపోస్ (లిన్నేయస్, 1758)' అని వ్రాయుదురు. తొలుత పేరిడిన వేళ అది వేరొక ప్రజాతిలో నుండెనని ఆ కుండలీకరణములు తెలుపును.

ఆ కపాలము కేవలము రెక్కలపై నుండునట్టి పొలుసుల రంగే. ఆ అరపు నోటిలోనికి గాలి పీల్చి విడుచుటచే కలుగు ధ్వనియే. ఆ శలభము తేనెపట్టులలో దూరి తేనె త్రాగునే గాని ఎవరికిని చావు తేదు. ఇన్ని తెలిసిన పిమ్మటను శాస్త్రజ్ఞులు పేరు మార్చలేదు. ఎవరికి తోచినట్లు వారు మార్చినచో, ఒక దేశమున తెలిసిన సంగతి మరియొక దేశమునకు చేరదు. నువ్వుపైరును కాపాడగోరువాడు స్టిక్స్ అను పేరు పట్టుకొని వెదకినచో, ఆ పురుగును గూర్చి 1847 మొదలు వ్రాయబడిన విషయమంతయు కనుగొనగలడు. పేరులోని భయము పోయినను, పేరువలని ప్రయోజనము నిలిచియున్నది.