తోడు కావాలి, శరీర సంబంధం వద్దు



నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మాది చల్లపల్లి. బందరులో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. నాన్న పొలం కౌలుకు తీసుకుని వరి వేస్తారు, కోతలయ్యాక మినుము చల్లుతారు. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నా పెళ్లి కాకపోవడంవల్ల వాడి పెళ్లి కూడా ఆగిపోయిందని ఇంట్లో అందరూ అంటారు. వాడు మాత్రం ఎప్పుడూ అనలేదు.

అసలు సంగతి రాస్తాను. నాకు మగవాళ్ల మీద గానీ, ఆడవాళ్ల మీద గానీ ఆ రకమైన కోరిక ఎప్పుడూ కలగలేదు. ఇంటర్లో స్నేహితురాళ్లు హీరోల గురించి గుసగుసలాడుకుంటుంటే నేనూ నవ్వుతూ తలూపేదాన్ని. నాకు కాస్త ఆలస్యంగా వస్తుందేమోలే అనుకున్నాను. రాలేదు. అలాగని మనుషులంటే విముఖత లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు జరిగిందంతా చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలని, చెయ్యి పట్టుకుని సినిమాకి వెళ్లాలని, జ్వరమొస్తే పక్కన కూర్చునేవాళ్లు ఉండాలని గట్టిగానే ఉంటుంది. పిల్లలన్నా ఇష్టమే. ఆ ఒక్కటే వద్దు.

అమ్మ నన్ను మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించింది. నాగదోషం ఉందన్నారు. ధైర్యం చేసి ఒక లేడీ డాక్టరుకు చెబితే "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఒక రాత్రి దోమతెరలో పడుకుని ఫోన్‌లో వెతుకుతుంటే అసెక్సువల్ అనే మాట కనబడింది. చదువుతూ చదువుతూ ఏడ్చేశాను. అది అచ్చంగా నా కథే.

తర్వాత ఒక డేటింగ్ యాప్‌లో చేరాను. దూరం యాభై కిలోమీటర్లు పెడితే గుడివాడ, అవనిగడ్డ, బందరు కుర్రాళ్లు. వాళ్లలో మా పెద్దమ్మ కొడుకు స్నేహితుడు కనబడగానే గుండె ఆగినంత పనై యాప్ తీసేశాను. మళ్లీ పెట్టుకుని ఈసారి హైదరాబాదు దాకా వెతికాను. అసెక్సువల్ అని రాసుకున్నా "నీకు సరైనవాడు తగల్లేదు", "నేను మార్చేస్తాగా" అనే మెసేజ్‌లే. ఒకాయన అర్థం చేసుకున్నాడనుకున్నాను. కొన్ని నెలలు మాట్లాడుకున్నాం. విజయవాడలో కలిస్తే, టిఫిన్ తిన్నాక రూమ్ తీసుకుందామా అన్నాడు. ఏమీ అనకుండా బస్టాండుకు వచ్చేశాను.

ఇప్పుడు గుడివాడ సంబంధం వచ్చింది. అబ్బాయి బెంగళూరులో ఉంటారు. ఫోన్‌లో మాట్లాడితే నెమ్మదస్తుడిలాగే ఉన్నారు. దసరాకి తాంబూలాలు అంటున్నారు. చెబితే సంబంధం తప్పిపోతుంది, ఊరంతా పాకుతుంది. నోరు మూసుకుని చేసేసుకుని ఎలాగోలా సర్దుకుపోదామా అనిపిస్తోంది. ఇది జబ్బా? నాలాంటివాళ్లు నిజంగా ఎక్కడైనా ఉన్నారా? ఉంటే నాకు దొరుకుతారా?

— ఒక సోదరి, చల్లపల్లి

*

అమ్మా,

దసరా ఎంతో దూరంలో లేదు కాబట్టి, మీరు చివర్లో రాసినదానికే ముందు జవాబిస్తాను. చెప్పకుండా ఈ పెళ్లి చేసుకోవద్దు.

"ఎలాగోలా సర్దుకుపోవడం" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాట వెనక ఏముందో ఒకసారి ఊహించుకోండి. మూడు రాత్రులకు ముహూర్తం పెడతారు. గది అలంకరిస్తారు. తలుపు బయట రెండు వైపుల చుట్టాలూ ఉంటారు. లోపల, మీ సంగతి ఏమీ తెలియని మనిషి ఎదురుచూస్తుంటాడు. ఆ గదిలో మీరు వద్దంటే ఏమవుతుందో పూర్తిగా అతని మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే పద్దెనిమిదేళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే మన దేశంలో ఇప్పటికీ అత్యాచారం కింద కేసు లేదు. కొత్త భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ మినహాయింపును అలాగే ఉంచారు. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను గుర్తించింది, దాని కింద రక్షణ అడగొచ్చు. కానీ కోర్టు మెట్లెక్కాల్సిన బతుకులోకి తెలిసి తెలిసి ఎందుకు వెళ్లాలి?

అతని వైపు నుంచి కూడా చూడండి. అతనికీ ఇది ఒక్క జీవితమే. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని రుజువైతే ఆ పెళ్లిని రద్దు చేయమని అడగడానికి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ వీలిస్తుంది. సరైన కారణం లేకుండా చాలాకాలం ఏకపక్షంగా దాంపత్యాన్ని నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "కాపురానికి రావాలి" అని కోర్టు ద్వారా ఆదేశం తెచ్చుకునే 9వ సెక్షన్ కూడా ఉంది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, సినీనటి సరిత కేసులో, ఆ సెక్షన్ మనిషి ఏకాంతానికి, తన శరీరం మీద తనకుండే హక్కుకు విరుద్ధమని కొట్టేశారు. ఎవరితో, ఎప్పుడు దగ్గరవ్వాలో ప్రభుత్వం చెప్పకూడదని తెలుగునేల మీద అంత గట్టిగా అన్న న్యాయమూర్తి ఆయన. నాకు ఆ తీర్పంటే గౌరవం. అయితే మరుసటి ఏడాదే వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పడంతో అది ఇంకా చట్టంలోనే ఉంది. మిమ్మల్ని భయపెట్టాలని ఇవన్నీ చెప్పడం లేదు. మౌనంగా ఉంటే క్షేమం అనుకుంటున్నారు కదా, అది క్షేమం కాదు.

ఇక జబ్బు సంగతి. కాదమ్మా. 1948లోనే అమెరికాలో కిన్సే అనే పరిశోధకుడు తన సర్వేలో ఎవరి మీదా కోరిక లేనివాళ్లకు విడిగా ఒక గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2004లో కెనడా ఆచార్యుడు ఆంథొనీ బోగర్ట్, బ్రిటన్‌లో పద్దెనిమిది వేలమందికి పైగా ఇచ్చిన జవాబులు పరిశీలిస్తే, నూటికి ఒకరు చొప్పున "నాకు ఎవరి మీదా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదు" అన్నారు. మానసిక వైద్యులు చేతిలో పెట్టుకునే డీఎస్ఎం పుస్తకం 2013 కూర్పులో, తాను అసెక్సువల్‌నని చెప్పుకునే మనిషికి కోరిక తక్కువనే రోగం అంటగట్టవద్దని స్పష్టంగా రాశారు. మొదటి నుంచీ ఇలాగే ఉండటం వేరు, ఉన్న కోరిక హఠాత్తుగా పోవడం వేరు. అలా పోయినప్పుడు థైరాయిడ్, డిప్రెషన్, వాడుతున్న మందులు ఇవన్నీ చూపించుకోవాలి. మీరు రాసినదాన్నిబట్టి మీది మొదటిది.

మీ లేడీ డాక్టరుగారి మీద నాకు కోపం ఉంది, కానీ ఆవిడ ఒక్కరినీ అనలేను. కృష్ణాడెల్టా శృంగారానికి పేరుబడ్డ నేల. మొవ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య పదాలు పుట్టింది మీకు దగ్గర్లోనే, కూచిపూడి అంతకన్నా దూరమేం కాదు. కోరికను ఇంత అందంగా పాడుకున్న మనం, అది లేని మనిషి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. వారపత్రికల్లో తరాలుగా నడిచిన ప్రశ్న–జవాబు శీర్షికలు ఎందరికో మేలు చేశాయి, అవి లేకపోతే మన ఇళ్లలో ఈ మాటలే వచ్చేవి కావు. వాటిలో కూడా కోరిక తగ్గిందంటే పెంచుకునే దారే వెతికేవాళ్లం. మీ అమ్మగారు పుట్టలో పాలు పోయించింది కూడా అందుకే. ఆమెకు తెలిసిన మందు అదే. ఆమెను తప్పుపట్టకండి.

మీలాంటివాళ్లు ఉన్నారా అని అడిగారు. 2001లో డేవిడ్ జే అనే అమెరికా యువకుడు ఏవెన్ అనే వేదిక మొదలుపెట్టాడు. ప్రపంచం నలుమూలల్లోని అసెక్సువల్ మనుషులు ఒకరినొకరు కనుక్కున్నది ఎక్కువగా అక్కడే. మన దేశంలో డాక్టర్ ప్రగతి సింగ్ ఉన్నారు. ఆవిడ ఈ విషయం మీద పని మొదలుపెట్టగానే, పెద్దలు పెళ్లి కుదుర్చుతున్నారు, శరీర సంబంధం మాత్రం మాకు వద్దు అంటూ ఆడవాళ్లు వరసగా మెసేజ్‌లు పెట్టారట. అంటే మీ ఉత్తరమే, వేరే ఊళ్ల నుంచి, వేరే భాషల్లో! అలాంటివాళ్లు నేరుగా కలుసుకునేలా ఆవిడ సమావేశాలు పెట్టారు, ఇండియన్ ఏసెస్ అనే బృందాన్ని నడిపారు. 2019లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆవిడ పేరు ఉంది. హైదరాబాదులో 2013లో ఎల్‌జీబీటీ ప్రైడ్ నడక మొదలైంది. ఇలాంటి నడకల్లో నలుపు, బూడిద, తెలుపు, ఊదా చారల జెండా ఎక్కడైనా కనబడితే అది మీవాళ్లదే.

మీరు నేరుగా డేటింగ్ యాప్‌కు వెళ్లారు. నేనైతే ముందు మనుషుల్లోకి వెళ్లమంటాను. పెళ్లికొడుకును వెతికే పని కొన్నాళ్లు పక్కన పెట్టి, ఇండియన్ ఏసెస్ లాంటిచోట ఊరికే మాట్లాడండి. అమ్మకు ఎలా చెప్పారు, పెళ్లిచూపులు ఎలా తప్పించుకున్నారు, తోడు దొరికినవాళ్లు ఇంట్లో ఎలా బతుకుతున్నారు అని అడగండి. తెలుగువాళ్లు తగలొచ్చు, తగలకపోవచ్చు. రాత్రి పదింటికి మెసేజ్ పెడితే "నాకూ అంతే" అనే మనిషి ఒకరున్నా మీ బరువు సగం దిగుతుంది. ఆ తర్వాత యాప్‌లో ఎవరు ఎలాంటివాళ్లో పోల్చుకోవడం కూడా తేలికవుతుంది.

యాప్‌లు వద్దనడం లేదు. ఓకే క్యూపిడ్ 2014లో, టిండర్ 2019లో అసెక్సువల్ అని చెప్పుకునే వీలు కల్పించాయి. కానీ చాలామంది మగవాళ్లు ఫోటో దాటి కిందికి రారు. వచ్చినవాళ్లు కూడా ఆ మాటను "నెమ్మదిగా వెళ్లాలి" అని చదువుకుంటారు. విజయవాడలో మీకు ఎదురైంది అదే. అందుకని ఆ ఒక్క మాటతో ఆపకండి. "శరీర సంబంధం ఇప్పుడూ ఉండదు, పెళ్లయ్యాకా ఉండదు. తోడు, ప్రేమ, ఇల్లు కావాలి" అని పచ్చి తెలుగులో రాయండి. మెసేజ్‌లు పదో వంతుకు పడిపోతాయి. పడిపోనివ్వండి. మిగిలినవాళ్లను, దీనితో వాళ్లెలా బతకగలరో వాళ్ల మాటల్లోనే చెప్పమని అడగండి. "నువ్వు ఎలా అంటే అలా" అనేవాళ్లకన్నా, ఆలోచించుకుని తమ ఇబ్బందులు కూడా చెప్పేవాళ్లను నమ్మొచ్చు. అసెక్సువల్ అన్నంత మాత్రాన అందరూ మీలాగే ఉండరని కూడా గుర్తుంచుకోండి. కొందరికి ప్రేమ వ్యవహారమే అక్కర్లేదు, కొందరికి బాగా దగ్గరైన మనిషి మీద తర్వాత ఎప్పుడో కోరిక కలుగుతుంది.

పక్క ఊరివాళ్లు గుర్తుపడతారనే భయం నిజమైనదే, డెల్టాలో అందరూ అందరికీ చుట్టాలే. వేరే పేరు, వేరే మెయిల్ పెట్టుకోండి, ముఖం ఫోటో ఆలస్యంగా ఇవ్వండి. ఆఫీసు పేరు, ఊరి పేరు అసలే వద్దు. కలిసేది పగలు, నలుగురూ తిరిగేచోట, ఒక స్నేహితురాలికి చెప్పి. డబ్బు మాట ఎత్తినవాళ్లతో ఆ క్షణమే తెగతెంపులు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మనసు మరీ కుంగిపోయిన రోజున టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

పిల్లలంటే ఇష్టమన్నారు. దత్తత నిబంధనల ప్రకారం ఒంటరి మహిళ పాపనైనా బాబునైనా తీసుకోవచ్చు. 2021 నాటి చట్టం ఒంటరి మహిళకు సంతాన సాఫల్య చికిత్సకూ దారి ఇచ్చింది. కాబట్టి తల్లి కావడం కోసం ఈ పెళ్లికి తల వంచాల్సిన పని లేదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తమ్ముడి పెళ్లి ఆగిందని అందరూ అంటారు, వాడు మాత్రం అనలేదని రాశారు. ఇంట్లో మొదట చెప్పాల్సింది అతనికే. అన్నీ ఒకేసారి అక్కర్లేదు, ఫోన్‌లో కూడా వద్దు. హైదరాబాదు వెళ్లండి, లేదా పండక్కి ముందే ఒకసారి రమ్మనండి. నాన్నగారికి అన్నీ విడమర్చి చెప్పాల్సిన అవసరం ఎప్పటికీ రాకపోవచ్చు. "అక్కకన్నా ముందు నా పెళ్లి చేసినా తప్పులేదు" అని తమ్ముడు ఒక్క మాటంటే ఇంట్లో సగం ఒత్తిడి పోతుంది.

గుడివాడ అబ్బాయికి కూడా మీరే చెప్పండి, తాంబూలాలకు ముందు. పెద్దవాళ్ల ద్వారా వద్దు, మెసేజ్ రాయవద్దు, అది చేతులు మారుతుంది. ఫోన్ చేసి ఇలా అనొచ్చు: "మీరు మంచివాళ్లనిపించి చెబుతున్నాను. నాకు శరీర సంబంధం మీద ఇష్టం లేదు, ఎప్పుడూ లేదు, మారుతుందని నేను అనుకోవడం లేదు. తోడుగా ఉండటం వరకైతే మనస్ఫూర్తిగా ఉండగలను. మీకు కుదరదంటే తప్పు పట్టను. మీ ఇంట్లో మాత్రం జాతకాలు కలవలేదని చెప్పండి, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి." రెండు కుటుంబాలకూ పరువు దక్కే సాకు అది. అతను బయటపెడితే అన్న భయం పూర్తిగా పోదు. కానీ ఫోన్‌లో ఒక్కసారి అన్న మాటకూ పెళ్లయ్యాక పంచాయితీలో తేలే మాటకూ పోలికే లేదు.

అతను వెంటనే "ఫర్వాలేదు" అంటే కూడా పొంగిపోకండి. ఓ పదిహేను రోజులు ఆలోచించుకోమనండి, తర్వాత విజయవాడలో పగటిపూట ఎదురుగా కూర్చుని పిల్లలు, పడకగది, అత్తామామల ప్రశ్నలు అన్నీ మాట్లాడండి. అందుకు దసరా దాటిపోతే ముహూర్తాలు మాఘమాసంలోనూ ఉంటాయి.

అతనేమన్నదీ, తమ్ముడేమన్నదీ నాకు రాయండి.