సర్వర్ పడిపోతే ఇచ్చే పరిహారం: కంపెనీ దయా, మన హక్కా?

ప్రశ్న: కోకాపేటలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారమంతా ఆఫీసుతోనే సరిపోతుంది, గేమ్ ఆడుకోవడానికి దొరికేది శనివారమే. 2025 ఫిబ్రవరి 8న ప్లేస్టేషన్ నెట్‌వర్క్ రోజంతా పనిచేయలేదు. ప్లస్ సభ్యత్వం ఉన్నవాళ్లకు 5 రోజులు అదనంగా ఇచ్చి కంపెనీ చేతులు దులుపుకుంది. నాకు ఆ 5 రోజులు వచ్చాయి. మా రూమ్మేట్‌కు సభ్యత్వం లేదు. డబ్బు పెట్టి డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్ కూడా ఆ రోజు తెరుచుకోలేదు, అతనికి ఏమీ రాలేదు. మేం కేసు వేయవచ్చా? వేస్తే ఎక్కడ వేయాలి? ఎంత అడగాలి?
— ఒక పాఠకుడు, కోకాపేట

జవాబు: ఇద్దరూ వేయవచ్చు. అయితే మీ కేసు కంటే మీ రూమ్మేట్ కేసే గట్టిది. మీకు ఎంతో కొంత ముట్టింది, అతనికి ఏమీ ముట్టలేదు. వినియోగదారుల కమిషన్ మీ కోపం ఎంత అని అడగదు. ఎంత కట్టారు, అందులో ఎంత అందలేదు, దానికి రుజువేమిటి అని అడుగుతుంది. ఈ మూడింటికీ జవాబు ఉంటేనే కేసు నిలుస్తుంది.

ఆ శనివారం జరిగింది

మన కాలమానం ప్రకారం శనివారం తెల్లవారుజామున మొదలైన అంతరాయం ఆదివారం పొద్దుటి దాకా, దాదాపు 24 గంటలు సాగింది. అమెరికాలో అది మొదలయ్యేసరికి శుక్రవారం సాయంత్రం. మనకు మాత్రం శనివారం పూర్తిగా పోయింది. నిర్వహణపరమైన సమస్య వచ్చిందని ప్లేస్టేషన్ యజమాని సోనీ ఒక్క ముక్కలో తేల్చేసి, క్షమాపణ చెప్పి, ప్లస్ సభ్యుల గడువుకు 5 రోజులు కలిపింది.

ఆటగాళ్ల స్పందన రకరకాలుగా వచ్చింది. ఒకరోజు పోతే 5 రోజులు వచ్చాయి, ఇంకేం కావాలని కొందరన్నారు. అసలు కారణం చెప్పరేం, సభ్యత్వం లేనివాళ్లు మనుషులు కారా, ఒంటరిగా ఆడుకునే గేమ్‌కు కూడా సర్వర్ అనుమతి ఎందుకు అని మరికొందరు నిలదీశారు. అదే వారాంతంలో మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అనే గేమ్ బీటా పరీక్ష నడుస్తోంది. దాన్ని తయారుచేసిన క్యాప్‌కామ్ పోయిన సమయానికి బదులుగా తర్వాతి విడతను 24 గంటలు పొడిగించింది. తప్పు తనది కాకపోయినా రోజుకు రోజు లెక్క కట్టి ఇచ్చింది.

2011 నాటి సంగతి గుర్తున్నవాళ్లకు ఇది చిన్నదే. ఆ ఏడాది ఏప్రిల్ 20న హ్యాకింగ్ కారణంగా ఆగిపోయిన ఇదే నెట్‌వర్క్ మే నెల మధ్యలో గానీ మళ్లీ మొదలవలేదు. 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటి చేతుల్లో పడ్డాయి. అప్పుడు సోనీ ఉచిత గేములు, 30 రోజుల ప్లస్ సభ్యత్వం ఇచ్చింది. అయినా వ్యవహారం అక్కడితో ఆగలేదు. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2013 జనవరిలో 2.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అమెరికాలో వినియోగదారులు ఉమ్మడిగా వేసిన దావాను కంపెనీ 2014లో రాజీతో ముగించుకుంది. కంపెనీ తనంతట తాను ఏదో ఇచ్చినంత మాత్రాన చట్టం దారి మూసుకుపోదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన చట్టం ఏమంటోంది

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఆన్‌లైన్‌లో కొన్నవారిని కూడా వినియోగదారులుగానే చూస్తుంది. ఈ-కామర్స్ నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులు కూడా ఉన్నాయి. సభ్యత్వం తీసుకున్న మీరూ, గేమ్ కొన్న మీ రూమ్మేటూ ఇద్దరూ దీని కిందికి వస్తారు. తండ్రి కార్డుతో డబ్బు కడితే, ఆయనకు తెలిసే కొడుకు వాడుకున్నా, ఆ కొడుకూ వినియోగదారుడే. మైనర్ అయితే తల్లి గానీ తండ్రి గానీ ఫిర్యాదు చేయాలి.

సెక్షన్ 2(11) ప్రకారం సేవ నాణ్యతలో, తీరులో ఏ కొరత ఉన్నా అది సేవాలోపమే. ఇదే సెక్షన్‌లో చాలామంది పట్టించుకోని ఇంకో మాట ఉంది: వినియోగదారుకు చెప్పవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. కారణం చెప్పలేదన్న ఆటగాళ్ల ఆక్రోశానికి చట్టంలో దొరికే ఆధారం ఇదే. కావాలనే దాచారని రుజువు చేయడం మాత్రం తేలిక కాదు. అందుకే ముందుగా కారణం అడుగుతూ రాతపూర్వకంగా లేఖ పంపండి. జవాబు ఇవ్వకపోతే ఆ మౌనాన్ని కమిషన్ ముందు చూపవచ్చు.

ఎవరికి ఈ చట్టం వర్తించదో కూడా చెప్పాలి. పైసా తీసుకోకుండా ఇచ్చే సేవ దీని పరిధిలోకి రాదు. ఉచితంగా ఆడే గేమ్ ఒక పూట ఆగితే కేసు లేదు. అదే గేమ్‌లో డబ్బు పెట్టి కాయిన్లో, స్కిన్లో, సీజన్ పాసో కొని ఉంటే ఆ మేరకు మీరు వినియోగదారులే. లాభం కోసం గేమింగ్ కెఫే నడిపేవారిది వాణిజ్య అవసరం కనుక సాధారణంగా వారు బయటే. కేవలం తన పొట్టపోసుకోవడానికి సొంతంగా స్ట్రీమింగ్ చేసుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది. ప్రభుత్వమే గేమ్‌ను నిలిపేస్తే అది వేరే లెక్క. 2022 జూలైలో బీజీఎంఐ అనే మొబైల్ గేమ్‌ను ఆపింది సర్వర్ లోపం కాదు, ఐటీ చట్టం కింద వచ్చిన ఉత్తర్వు.

మీ లెక్క, మీ రూమ్మేట్ లెక్క

మీ సంగతి చూద్దాం. సభ్యత్వానికి ఏడాదికి 3,650 రూపాయలు కట్టారనుకోండి. రోజుకు పది రూపాయలు పడింది. పోయినది పది రూపాయల సేవ, వచ్చినది యాభై రూపాయల సేవ. రుసుం వరకు మీకు రావలసిన బాకీ తీరినట్టే. ఇక మిగిలింది మానసిక వేదన. వారానికి ఒక్క రోజే తీరిక అన్న మాట నిజమే అయినా, దానికి వేలల్లో పరిహారం వస్తుందని ఆశపెట్టుకోకండి.

మీ రూమ్మేట్ గేమ్‌కు పూర్తి ధర కట్టాడు. అతని వాదన ఇలా ఉండాలి: నేను కొన్నది నెలవారీ సేవ కాదు, గేమ్. అది మీ సర్వర్ పడిపోయిన కారణంగా తెరుచుకోలేదు. పరిహారంలో నా ఊసే లేదు.

దీనికి అవతలి లాయరు వేసే మొదటి ప్రశ్న ఒకటుంది. ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అనే సెట్టింగ్ ఉంటుంది. ఒక ఖాతాకు ఒక పీఎస్5 మీదే అది ఆన్‌లో ఉంటుంది. అలా ఉన్న యంత్రంలో, ఆన్‌లైన్‌తో పనిలేని గేమ్‌ను ఇంటర్నెట్ లేకుండానే ఆడుకోవచ్చు. ఆ సెట్టింగ్ స్నేహితుడి కన్సోల్ మీద పెట్టుకుని, తన యంత్రంలో మాత్రం సర్వర్ అనుమతితో ఆడుకునే అలవాటు చాలామందికి ఉంది. మీ రూమ్మేట్ కూడా అలా పెట్టుకుని ఉంటే కేసు సగం నీరుగారినట్టే. సెట్టింగ్ తన కన్సోల్ మీదే ఉండి, ఒంటరిగా ఆడే గేమ్ కూడా తెరుచుకోకపోతే కేసుకు బలం వస్తుంది. ఇప్పుడే వెళ్లి చూడమనండి.

'షరతులకు ఒప్పుకున్నారు కదా' అంటే

సేవకు హామీ లేదు, అంతరాయాలకు బాధ్యత లేదు, వివాదాలు విదేశీ కోర్టులోనో ఆర్బిట్రేషన్‌లోనో తేల్చుకోవాలి అని ఒప్పంద పత్రాల్లో రాసి ఉండడం మామూలే. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్, ఆఫ్తాబ్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. ఏకపక్షంగా రాసుకున్న షరతులకు కొనుగోలుదారు కట్టుబడనక్కర్లేదని 2019 ఏప్రిల్‌లో పయనీర్ అర్బన్ కేసులో చెప్పింది. అది ఫ్లాటు కేసే అయినా సూత్రం ఇక్కడా పనికొస్తుంది.

అవతలివారి చేతిలోనూ ఒక తీర్పు ఉంది. సంతకం చేసిన పత్రంలో నష్టపరిహారానికి పరిమితి రాసుకుంటే అది చెల్లుతుందని 1996లో భారతి నిట్టింగ్, డీహెచ్‌ఎల్ కేసులో ఇదే సుప్రీంకోర్టు అంది. కాబట్టి షరతులన్నీ చెల్లవని గానీ, అన్నీ చెల్లుతాయని గానీ ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. ఒప్పంద షరతే అన్యాయమని సవాలు చేయాలంటే జిల్లా కమిషన్ కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఒకరోజు నష్టానికి అంత దూరం పోకుండా సేవాలోపం మీదే ఫిర్యాదు నడపడం మేలు.

తప్పు బ్రాడ్‌బ్యాండ్‌దైతే

గేమ్ ఆడలేకపోవడానికి కారణం గేమ్ కంపెనీయా, మీ ఇంటికొచ్చే ఫైబరా అన్నది ముందు తేల్చుకోండి. టెలికాం రంగానికి రాసిపెట్టిన కొలత ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం ఇంటి కనెక్షన్ లోపాన్ని మూడు రోజులు దాటినా సరిచేయకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. మొబైల్ నెట్‌వర్క్ ఒక జిల్లాలో 24 గంటలకు మించి పోతే పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లులో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి గడువు పెంపు ఇవ్వాలి. గేమింగ్ సేవలకు ఇలాంటి కొలత రాలేదు. ఎన్ని గంటలు పోతే ఎంత ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టానికే మిగిలింది. పరిహారం దయాభిక్షలా కనబడడానికి మూలం ఇదే.

ఎలా ముందుకు వెళ్లాలి

మొదటి మెట్టు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు భారతీయులకు క్రమం తప్పక అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. లేఖ పొడుగ్గా అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన, ఫలానా ఆర్డర్ నంబరుతో, ఇన్ని రూపాయలకు మీ దగ్గర గేమ్ కొన్నాను. 2025 ఫిబ్రవరి 8న ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా అది తెరుచుకోలేదు. ఆ రోజు మీ సేవలు ఆగిన సంగతి మీరే ప్రకటించారు. సభ్యులకు ఇచ్చిన పరిహారం నాకు రాలేదు. ఆగిపోవడానికి కారణం, నాకు ఇవ్వదలచిన పరిహారం రాతపూర్వకంగా తెలపగలరు."

దీనికి నాలుగు కాగితాలు జతచేయండి: కొనుగోలు రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, సమయం కనబడే ఎర్రర్ స్క్రీన్ ఫొటో, కంపెనీ ప్రకటన ప్రతి. ఆ రోజు ఫొటో తీయకపోతే స్నేహితులకు పంపిన వాట్సాప్ సందేశాలైనా వెతకండి.

రెండో మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వారు కంపెనీతో రాజీకి ప్రయత్నిస్తారు, ఆదేశించే అధికారం వారికి ఉండదు.

మూడో మెట్టు జిల్లా కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరు నివసించే చోటో, ఉద్యోగం చేసే చోటో వేయవచ్చు. కోకాపేట గండిపేట మండలం, రంగారెడ్డి జిల్లా. కాబట్టి మీది రంగారెడ్డి జిల్లా కమిషన్. సొంతూరు గుంటూరైనా కరీంనగరైనా అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. కొన్నదాని విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. చట్టం పెట్టిన గడువు మూడు నెలలే అయినా ఆచరణలో ఎక్కువే పడుతుంది.

ప్రతివాదిగా ఎవరి పేరు రాయాలన్నది రసీదు చూసి నిర్ణయించండి. డబ్బు తీసుకున్నది విదేశీ సంస్థ అయి, ఇక్కడ ఆఫీసు లేకపోతే తీర్పు గెలిచినా అమలు కష్టం. గిఫ్ట్ కార్డును ఇక్కడి దుకాణంలో కొని ఉంటే ఆ రసీదూ దాచండి.

మీలాగే నష్టపోయినవారు పదిమంది ఉంటే సెక్షన్ 35(1)(సి) కింద అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయడానికి కమిషన్ అనుమతి కోరవచ్చు. పది రూపాయల నష్టం ఒక్కరిదైతే చిన్నది, వేలమందిదైతే కాదు. పేర్లు సేకరించలేనంత మంది నష్టపోయారని తోస్తే సేవ విలువలో 25 శాతానికి తగ్గకుండా జమ చేయమని ఆదేశించే అధికారమూ కమిషన్‌కు ఉంది.

జాగ్రత్తలు

కోపంతో బ్యాంకుకు ఫోన్ చేసి చెల్లింపును వెనక్కి లాగకండి. అలా చేస్తే ఖాతా నిలిపేస్తామని చాలా గేమింగ్ కంపెనీలు షరతుల్లోనే రాసుకుంటాయి. కొన్న గేములన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. ఇక సభ్యత్వం వద్దనుకుంటే యూపీఐ ఆటోపే రద్దు చేసుకోండి.

సర్వర్ పడిపోయిన మర్నాడే 'పరిహారం కోసం ఇక్కడ నొక్కండి' అనే లింకులు వస్తుంటాయి. సోనీ ఇచ్చిన 5 రోజులు వాటంతటవే కలిశాయి, ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేకపోయింది. అలాంటి లింకుతో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డబ్బు పందెంగా పెట్టి ఆడే రమ్మీ లాంటివాటికి ఈ సలహా పనికిరాదు. తెలంగాణ 2017లోనే వాటిని నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది.

చివరిగా గడువు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చేది రెండేళ్లు. ఫిబ్రవరి 8 అంతరాయం మీద వేయదలిస్తే 2027 ఫిబ్రవరి మొదటివారం లోపే వేయాలి. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు. మీరు ఆ 5 రోజులతో సరిపెట్టుకున్నా తప్పులేదు. మీ రూమ్మేట్‌తో మాత్రం ఈ రాత్రే ఆ లేఖ రాయించండి.