అంటుకొని ఆఱిపోవు ఇంజను: ఒక నిదాన పాఠము

విద్యార్థులారా,

“నిదానము” అను మాటను మీరందఱు ఎఱుగుదురు. నిదానముగా నడువుము, నిదానముగా భుజింపుము అని పెద్దలు మీకు చెప్పుచునే యుందురు. మన చుట్టునున్న కన్నడములోను, తమిళములోను ఈ మాట ఇంచుమించు ఇదే యర్థమున వాడుకలో నున్నది. సంస్కృత వైద్యశాస్త్రమున మాత్రము నిదానమనగా రోగమునకు మూలమైన కారణము, దానిని కనుగొను విధానము. మాధవకరుడు రచించిన వైద్యగ్రంథమునకు “మాధవనిదానము” అని ప్రసిద్ధి. ఈ రెండర్థములును అవసరమగు ఒక విషయమును నేడు పరిశీలింతము. ఇందలి రోగి మోటారుకారు.

గత పుష్యమాసమున ఒకనాటి వేకువను మన విద్యార్థులు మువ్వురను వ్యాసరచన పోటీకై హోసూరు నుండి కృష్ణగిరికి తీసికొనిపోవలసి వచ్చినది. దూరము సుమారు 50 కిలోమీటర్లు. మన విద్యార్థి తండ్రి యొకరు బాడుగ కారు నడుపుదురు, వారినే పిలిచితిమి. తాళము త్రిప్పగనే ఇంజను చక్కగా అంటుకొన్నది. రెండు మూడు సెకనులు ఆడి ఆఱిపోయినది. మరల త్రిప్పిరి, మరల నంతే. వారి ముఖము చిన్నబోయినది. “పది దినాల కిందటే పెట్రోలు పంపు మార్పించినాను సార్. ఏడు వేలయింది. ప్లగ్గులు గూడా కొత్తవే” అనిరి. బాడుగ బండి నడుపు ఇంటిలో ఏడు వేల రూపాయలనగా ఎన్ని దినముల కష్టమో మీలో పలువురకు నేను చెప్పనక్కఱలేదు.

యాక్సిలరేటరు మీద కాలు తీయకుండ నడిపి ఎట్లో బయలుదేఱితిమి. కాలు నొక్కియున్నంతసేపు ఇంజను ఆడును; తీసిన వెంటనే ఆఱిపోవును. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. పోటీ ముగిసి తిరిగి వచ్చునపుడు ఏమి జరిగినదో తరువాత చెప్పెదను.

ఆరోగ్యమన నేమో తెలియనివానికి రోగము తెలియదు గనుక, ముందుగా పెట్రోలు ఇంజను పనిచేయు తీరును తెలిసికొందము. పిస్టను క్రిందికి దిగునపుడు గాలియు పెట్రోలు ఆవిరియు సిలిండరులోనికి వచ్చును. పైకి వచ్చునపుడు అవి నొక్కబడును. ప్లగ్గు నిప్పురవ్వ వేయగా మండి పిస్టనును క్రిందికి త్రోయును. అది మరల పైకి వచ్చునపుడు పొగ వెలుపలికి పోవును. జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఆటో 1876లో ఈ నాలుగు కదలికల యంత్రమును పనిచేయునట్లు చేసి చూపెను. నాలుగింటిలో బలమిచ్చునది మూడవది యొక్కటియే. నలుగురున్న ఇంటిలో సంపాదించువాడు ఒక్కడే యైనట్లు తక్కిన మూడింటిని అదియే పోషింపవలెను.

బండి కదలక ఇంజను ఊరక ఆడుచున్నపుడు నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగును. రెండు చుట్లకు ఒక మంట చొప్పున నాలుగు సిలిండర్లలో నిమిషమునకు 1600 మంటలు, అనగా సెకనుకు ఇంచుమించు 27 మంటలు పుట్టవలెను. అపుడు పుట్టు కొద్దిపాటి బలము ఇంజను తన లోపలి రాపిడిని గెలుచుటకును, గాలిని లోనికి పీల్చుటకును, బ్యాటరీకి విద్యుత్తు నిచ్చుటకును సరిపోవును. మిగులు ఏమియు లేదు. అందుచేత గాలిగాని, పెట్రోలుగాని, నిప్పుగాని ఒక్క సెకను కొఱతపడినను ఫ్లైవీలు అను బరువైన చక్రమునందలి ఊపు కరగిపోయి ఇంజను ఆగును.

ఇంకొక లెక్క గూడ కావలెను. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి పట్టును. ఇంజను చల్లగా నున్నపుడు పెట్రోలు సరిగా ఆవిరి కాక లోపలి గోడలకు అంటుకొనును. కనుక స్టార్టు చేయునపుడు ఈ లెక్కకు మించిన పెట్రోలు పోయవలసియుండును. పాత కార్లలో ఈ పనిని చోకు చేసెడిది; నేటి కార్లలో కంప్యూటరు చేయును.

ఇక నిదానమునకు వత్తము. అసలు స్టార్టు కాని కారును, స్టార్టయి ఆఱిపోవు కారును ఒక్కటిగా తలచుట చాలమంది చేయు పొరపాటు. రెండవది మనకు ఎన్నో సాక్ష్యముల నిచ్చుచున్నది. బ్యాటరీ సెల్ఫు మోటారును త్రిప్పినది, సిలిండరులో ఒత్తిడి యున్నది, నిప్పురవ్వ పుట్టినది, కొంతయైనను పెట్రోలు అందినది. ఇవి లేనిచో ఇంజను అంటుకొనెడిదే కాదు. కావున అడుగవలసిన ప్రశ్న యొక్కటి: అంటుకొన్నపుడు ఉండి, రెండు సెకనుల తరువాత లేకపోయిన దేది? దానికి జవాబు తఱచు ఆఱిపోయిన క్షణమునందే దాగియుండును.

తాళమును వదలిన క్షణముననే ఆఱిపోయెనా? తాళమునకు స్టార్టు చేయు స్థానము వేఱు, నడచు స్థానము వేఱు. మొదటిదానియందు సరిగా పనిచేసి రెండవదానియందు విద్యుత్తు నీయని అరిగిన స్విచ్చి ఇట్లే చేయును. పాతకాలపు కొన్ని కార్లలో ఇంతకంటె విచిత్రమైన కారణ మొకటి యుండెడిది. ఇగ్నిషన్ కాయిలునకు పోవు తీగలో ఒక నిరోధకమును ఉంచెడివారు. నడచునపుడు కాయిలు వేడెక్కకుండ అది విద్యుత్తును తగ్గించును. స్టార్టు చేయునపుడు సెల్ఫు మోటారు బ్యాటరీని పీల్చివేయును గనుక, ఆ కొద్దిసేపు నిరోధకమును తప్పించి బ్యాటరీ నుండి నేరుగా కాయిలుకు విద్యుత్తు నిచ్చెడివారు. నిరోధకము తెగిపోయినచో ఏమగునో ఊహింపుడు. తాళము త్రిప్పి పట్టుకొన్నంతసేపు ఇంజను అంటుకొనును. వదలగనే నిప్పు లేక ఆఱిపోవును. చిన్న వస్తువు చెడినందుకు ఇంజనునంతయు విప్పినవారు పూర్వము లేకపోలేదు.

తాళము వదలిన తరువాత ఒకటి రెండు సెకనులు ఆడి, ప్రతిసారియు గడియారము పెట్టినట్లు అదే సమయమునకు ఆఱుచున్నదా? అట్లయిన నేటి కార్లలో దొంగల నుండి కాపాడు ఏర్పాటును అనుమానింపవలెను. తాళపుచెవి తలలో ఒక చిన్న చిప్పు ఉండును. కారులోని కంప్యూటరు దానిని గుర్తింపనిచో కొన్ని కార్లలో ఇంజను అంటుకొన్నను వెంటనే పెట్రోలును ఆపివేయును. అపుడు ముందరి పలకమీద తాళపుచెవి బొమ్మగల దీపము మినుకుమినుకు మనును. ఇంటిలో నున్న రెండవ తాళపుచెవితో ప్రయత్నించి చూచుటకు కానియైనను ఖర్చు కాదు. అయినను ఈ పరీక్ష జ్ఞప్తికి రాకమునుపే షెడ్డుకు బండిని ఈడ్పించుకొనిపోవుట లోకములో పరిపాటి.

పెట్రోలు మాట చూతము. పెట్రోలును కంప్యూటరు చిమ్మించు కార్లలో పంపు సాధారణముగా ట్యాంకులోనే యుండును. ఇంజనును స్టార్టు చేయక తాళమును నడచు స్థానమునకు మాత్రము త్రిప్పి, వెనుక సీటు వైపు చెవి యొగ్గుడు. చాల కార్లలో సుమారు రెండు సెకనులు సన్నని గుయ్ మను శబ్దము వినబడును. పంపు గొట్టములో ఒత్తిడి పెంచుచున్న దన్నమాట. ఆ ఒత్తిడితోనే ఇంజను అంటుకొనవచ్చును. ఆ పిమ్మట పంపునకు విద్యుత్తు నందించు రిలే చెడినను, వడపోత మూసికొనిపోయినను, నిలువయున్నది కాలి ఆఱిపోవును. గొట్టము విప్పి చూతమను సాహసము మాత్రము చేయరాదు. అందులో పెట్రోలు ఒత్తిడితో నుండును. వేడి ఇంజనుపై చిమ్మినచో అగ్నిప్రమాదము కలుగును. అట్లే తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును ఆడించి పరీక్షింపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయును.

కార్బురేటరు గల బండ్లది వేఱొక దారి. అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.6 నిబంధనల వలన క్రొత్త మోటారుసైకిళ్లు గూడ చాలవఱకు కార్బురేటరును వదలినవి. అయినను మన ఊళ్లలో పాత స్కూటర్ల కేమియు కొదువ లేదు. చోకు లాగినంతసేపు ఆడి, చోకు మూయగనే ఆఱిపోవు బండిలో, ఊరక ఆడునపుడు పెట్రోలు వచ్చు సన్నని జెట్టు మూసికొని యుండుట తఱచు కారణము. దానిని గాలితో ఊదవలెను గాని తీగతో పొడువరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను పెట్రోలు లెక్క తప్పును. ట్రాక్టరు వంటి డీజిలు బండి అంటుకొని ఆఱిపోయినచో మొదట గొట్టములో గాలి చేరినదేమో చూతురు.

ఇక పోటీ నాటి కారు. తిరుగు ప్రయాణమున శూలగిరి దగ్గఱ రోడ్డు ప్రక్కన ఒక చిన్న షెడ్డు కనబడగా ఆపితిమి. మెకానిక్కు నడివయసువాడు. పనిముట్టు చేతబట్టక ముందు అడిగిన దిది: “అన్నా, తాళం వదిలిన వెంటనే ఆగిపోతాదా, రెండు మూడు సెకన్లు ఆడి ఆగుతాదా? కాలు నొక్కి పట్టుకుంటే ఆగకుండా ఉంటాదా?” మా డ్రైవరు ఉన్నదున్నట్లు చెప్పిరి. “అట్లయితే పంపుకేం కాలేదన్నా” అని అతడు నవ్వెను.

ఆ నవ్వులోని తర్కమును చూడుడు. కాలు నొక్కినకొలది ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా కావలెను. పంపు చెడినదైనచో నొక్కినపుడు ఇంకను త్వరగా ఆఱవలెను. ఇది నొక్కిన బ్రదుకుచున్నది, వదలిన చచ్చుచున్నది. అనగా పెట్రోలు చాలినంత యున్నది; ఊరక ఆడునపుడు కావలసిన కొద్దిపాటి గాలి అందుటలేదు. కాలు తీసినపుడు థ్రాటిలు రేకు దాదాపు మూసికొనును. దాని అంచున నుండు సన్నని సందు ద్వారా, లేదా ప్రక్కదారి ద్వారా మాత్రమే గాలి పోవును. ఆ సందు మసితోను నూనె జిడ్డుతోను పూడిపోయినచో ఇంజనుకు ఊపిరాడదు. కాలు నొక్కగా రేకు తెఱచుకొని ఊపిరి వచ్చును.

అతడు బండిని న్యూట్రలులో నుంచి, చేతిబ్రేకు లాగించి, గాలి గొట్టమును విప్పి ఆ రేకును మాకు చూపెను. అంచు చుట్టు తారు పూసినట్లు నల్లగా నుండెను. దానికై అమ్ము ద్రావకమును చల్లి మెత్తని గుడ్డతో తుడిచెను. రేకును వ్రేలితో బలవంతముగా త్రోయలేదు. ఏలనగా మోటారుతో కదలు రేకును అట్లు త్రోసిన చెడిపోవచ్చును. అరగంట పట్టినది. మూడువందల రూపాయలు పుచ్చుకొనెను. మొదటిసారి స్టార్టు చేసినపుడు ఇంజను కొంత తడబడినది. మసి యున్నపుడు నేర్చిన లెక్కను కంప్యూటరు మార్చుకొనుచున్నదని అతడే చెప్పెను. తరువాత కాలు తీసినను ఆగలేదు.

లోపములను చూపు చిన్న కంప్యూటరు పరికరము నేడు చాల షెడ్లలో ఉన్నది. అది మంచి సాధనమే. కాని “మిశ్రమములో పెట్రోలు తక్కువైనది” అని అది చూపినచో, పంపు బలహీనమైనదో, గాలి గొట్టము చీలి లెక్కలోనికి రాని గాలి దూరుచున్నదో అది చెప్పలేదు. ఆ తీర్పు మనిషిదే. తల్లిదండ్రులకు ఒక మనవి: బండిని షెడ్డుకు పంపునపుడు “స్టార్టు కావడం లేదు” అని ఒక్క ముక్కతో సరిపెట్టక, ఎపుడు ఆఱినది, ఎన్ని సెకనులకు, ఏ దీపము వెలిగినది, కాలు నొక్కిన ఏమైనది అను సంగతులను ఒక చీటీమీద వ్రాసి యిండు. ఏ భాషలో వ్రాసినను మంచిదే. మా డ్రైవరు అట్టి చీటీ నిచ్చియుండినచో, లేక షెడ్డువారు అడిగియుండినచో, పంపు మార్చు పనియే యుండెడిది కాదు.

అభ్యాసము: ఒక పాత స్కూటరు ఇంటి దగ్గఱ చక్కగా స్టార్టగును. నాలుగు కిలోమీటర్లు పోయి ఆఱిపోవును. పెట్రోలు ట్యాంకు మూత తెఱవగా “స్స్” అని శబ్దము వచ్చును. మూత మూసి మరల త్రొక్కగా స్టార్టయి ఇంకొక నాలుగు కిలోమీటర్లు పోవును. లోప మెక్కడ నున్నది? ఆ శబ్దము ఎవరి సాక్ష్యము? కారణములతో పది వాక్యములు వ్రాసి నాకు చూపుడు.