దోషం నుండి పుట్టిన నాదం: ఇంటిలో నిర్మించుకొనే గిటార్ ఫజ్ పెడల్

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో ఒక గదిలో వీణ, ఇంకొక గదిలో ఎలక్ట్రిక్ గిటార్ వినిపించడం వింత కాదు. గిటార్ నేర్చుకొనే పిల్లల కాళ్ళ వద్ద చిన్న లోహపు పెట్టెలు కనిపిస్తూ ఉంటాయి. కాలితో మీట నొక్కగానే తీగల నాదం బొంగురుపోయి, గరగరలాడుతూ దీర్ఘంగా సాగుతుంది. వీటినే ఎఫెక్ట్ పెడల్స్ అంటారు. వీటిలో మిక్కిలి సరళమైన ఫజ్ పెడల్‌ను ఇంటిలోనే నిర్మించుకోవచ్చును. అయితే మొదటి ప్రయత్నంలోనే అది పలకడం అరుదు. ఆ పలకకపోవడంలోనే అసలు పాఠం ఉన్నది.

ఒక యంత్రదోషపు కథ

ఈ నాదం పుట్టుకే ఒక దోషం. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని నాష్‌విల్ నగరంలో రికార్డు చేస్తున్నప్పుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటార్ ధ్వని మిక్సింగ్ యంత్రంలో చెడిపోయిన భాగం గుండా వెళ్ళి వికృతమయింది. ఆ వికృతిని తొలగించకుండా పాటలో అలాగే ఉంచారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ ధ్వనిని కావాలన్నప్పుడు పుట్టించే ట్రాన్సిస్టర్ వలయాన్ని మరొకరితో కలిసి రూపొందించగా, 1962లో గిబ్సన్ సంస్థ దానిని మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో విడుదల చేసింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘శాటిస్‌ఫాక్షన్’ పాటతో అది లోకప్రసిద్ధమయింది. 1966లో లండన్‌లో వెలువడిన ఫజ్ ఫేస్ పెడల్‌ను జిమీ హెండ్రిక్స్ ఆదరించాడు. అందులో ఉన్నవి 2 ట్రాన్సిస్టర్లు, 4 రెసిస్టర్లు, 3 కెపాసిటర్లు, 2 తిప్పుడు నియంత్రకాలు మాత్రమే. అందుచేతనే నేర్చుకొనేవారు నేటికీ దీనితోనే ఆరంభిస్తారు.

గరగరలో ఏమున్నది?

గిటార్ నుండి వచ్చే విద్యుత్సంకేతం వోల్టులో సుమారు పదోవంతు ఉంటుంది. ట్రాన్సిస్టర్లు దానిని వందల రెట్లు పెంచబోతాయి. కాని బ్యాటరీ ఇవ్వగలిగినది 9 వోల్టులే. కుంచంపై గోపురంగా నిలిచిన ధాన్యాన్ని చేతితో చదును చేసినట్లు, తరంగ శిఖరాలు ఆ హద్దు వద్ద తెగిపోతాయి. ఇలా తెగిన తరంగంలో మూలస్వరంతోపాటు దాని గుణిజాలైన అనుస్వరాలు బలపడతాయి. గిటార్‌పై 110 హెర్ట్జ్‌ల తీగను మీటితే 220, 330, 440 హెర్ట్జ్‌ల ధ్వనులు కూడ ముందుకు వస్తాయి. గరగర అంటే ఇదే.

తెలుగువారి చెవికి ఇది పూర్తిగా కొత్త కాదు. తంబురా గుర్రంపై తీగ కింద నూలుపోగును సవరించి ‘జీవ’ కుదిర్చినప్పుడు కూడ అనుస్వరాలే మేల్కొంటాయి. అక్కడ పని చేసేది తీగకు, గుర్రానికి మధ్య స్పర్శ. ఇక్కడ పని చేసేది వోల్టేజి హద్దు.

రెండు స్వరాలు కలిసినప్పుడు మరొక విశేషం జరుగుతుంది. వాటి మొత్తం, భేదం కూడ కొత్త స్వరాలుగా పుడతాయి. షడ్జమం 110, పంచమం 165 అయితే భేదం 55. అది కింది స్థాయి షడ్జమమే కనుక శ్రావ్యంగా ఉంటుంది. గిటార్‌పై అంతర గాంధారం సుమారు 138.6. అప్పటి భేదం 28.6 షడ్జమానికి ఏ స్థాయిలోను ఒదగదు, నాదం కలగాపులగమవుతుంది. ఫజ్ వేసినప్పుడు కొన్ని కార్డులు ఎందుకు పాడవుతాయన్న ప్రశ్నకు ఇదే సమాధానం.

చికాకులు

భాగాలన్నీ అతికించి తీగ మీటితే మౌనమే ఎదురుకావచ్చు. కెపాసిటర్ ధ్రువాలు తారుమారు కావడం, ట్రాన్సిస్టర్ కాళ్ళు పొరబడడం, సోల్డర్ పైకి మెరిసినా లోపల అతకకపోవడం సాధారణ కారణాలు. తరచు వాడే పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు పి.ఎన్.పి. రకానివి. వాటి వలయంలో బ్యాటరీ ధనధ్రువం గ్రౌండ్ అవుతుంది. ఇది మరచినవారికి అంతా తలకిందులే.

అన్నింటికన్నా మొండిది జెర్మేనియం స్వభావం. దానిలో అనవసరంగా కారే విద్యుత్తు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే రెట్టింపవుతుంది. చలికాలంలో బేస్‌మెంటులో చక్కగా పలికిన పెడల్ వేసవిలో నీరసంగా పలకడానికి కారణం అదే. రెండవ ట్రాన్సిస్టర్ కలెక్టర్ వద్ద సుమారు 4.5 వోల్టులు ఉండవలెను. అక్కడి 8.2 కిలో ఓముల రెసిస్టర్ బదులు మార్చుకొనే నిరోధాన్ని అమర్చితే, మీటరు చూస్తూ దానిని సరిచేయవచ్చును. సిలికాన్ ట్రాన్సిస్టర్లకు ఈ బెడద తక్కువ, కాని వాటి నాదం మరింత కరకుగా ఉంటుంది.

మూగబోయిన వలయాన్ని పరీక్షించడానికి సులభమైన సాధనం ఒకటున్నది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఒక తీగ కొసకు అతికించి, రెండవ కొసను ఆంప్లిఫయర్‌కు కలపవలెను. ఆంప్లిఫయర్ గ్రౌండును పెడల్ గ్రౌండుకు చేర్చవలెను. ఒకరు గిటార్ మీటుతూ ఉంటే, మరొకరు కెపాసిటర్ మొనతో ప్రవేశద్వారం నుండి ఒక్కొక్క బిందువును తాకుతూ పోవలెను. ఎక్కడ ధ్వని ఆగిపోతుందో, దోషం దానికి కాస్త ముందే ఉన్నట్లు. తండ్రీకూతుళ్ళు కూర్చొని చేయదగిన పని ఇది. ఊహించి భాగాలు మార్చే తొందర తగ్గి, విని తేల్చుకొనే అలవాటు కలుగుతుంది.

పలికిన తరువాత హోరు మిగలవచ్చు. అది అమెరికాలో 60, ఇండియాలో 50 హెర్ట్జ్‌ల గృహవిద్యుత్తు నీడ. వలయాన్ని లోహపు పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను గ్రౌండుకు కలిపితే చాలావరకు తగ్గుతుంది.

పిల్లలు బ్యాటరీతోనే పని చేయవలెను. ఆంప్లిఫయర్‌ను విప్పరాదు, అందులో ప్రాణాంతకమైన వోల్టేజి ఉండవచ్చును. సోల్డర్ పని గాలి ఆడేచోట, కళ్ళజోడు ధరించి, పెద్దల సమక్షంలో జరగవలెను. సీసం ఉన్న సోల్డర్ వాడితే చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

ఫలితం

ఫజ్ అంటే కోరి తెచ్చుకొన్న దోషం. హోరు, మౌనం కోరని దోషాలు. ఈ రెండింటిని వేరుచేసి చూడగలగడమే ఈ పనిలో లభించే విద్య. అంగడిలో కొన్న పెడల్ మొదటి రోజే పలుకుతుంది. ఇంటిలో చేసినది వారాల తరబడి ఏడిపించవచ్చు. కాని అది పలికిన రోజున, ఎందుకు పలికిందో ఆ ఇంటి బాలిక చెప్పగలదు. మరుసటి వేసవిలో అది నీరసిస్తే, దానిని మూలన పడవేయక మూత విప్పి సరిచేయగలదు.