మేనరికం, మతిమరుపు

ప్రశ్న: మా అమ్మమ్మకి 78 ఏళ్లు. మేనమామనే చేసుకున్నాను కాబట్టి ఆవిడే నాకు అత్తగారు. రెండేళ్లుగా మతిమరుపు బాగా ముదిరింది. భోంచేసిన అరగంటకే ‘నాకు అన్నం పెట్టలేదే’ అంటుంది. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేస్తోంది. మావారు ఉల్లిపాయల మార్కెట్‌లో గుమాస్తా. మొన్న లెక్కలో ఒక బస్తా తప్పిందని ఆయనకీ దిగులు పట్టుకుంది. మాది మేనరికం కదా, మాకూ పిల్లలకీ ఇది తప్పదా? జీన్ పరీక్ష చేయించుకోవాలా?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: తప్పదనేం లేదమ్మా. నడివయసులోనే మొదలై తరతరానికీ దిగే అల్జీమర్స్ రకం ఒకటుంది, అది నూటికి ఒకరిలో కూడా ఉండదు. అమ్మమ్మగారికి 76 దాటాక మొదలైంది కాబట్టి అది అయ్యుండదు.

ముసలితనంలో వచ్చేదానికి సంబంధించి ముఖ్యమైన జీన్ పేరు ఏపీఓఈ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందరికీ వస్తాయి. అందులో ఈ4 రకం ఉంటే ముప్పు పెరుగుతుందని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఒకటుంటే ముప్పు రెండు మూడు రెట్లు, రెండూ అదే అయితే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు. ఈ లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివాళ్లలో తేలినవి.

మేనరికం సంగతి ఇక్కడే వస్తుంది. అమ్మమ్మగారిలో ఒక ఈ4 ఉందనుకుందాం. అది మీవారికి వచ్చే అవకాశం సగం, మీ అమ్మగారి ద్వారా మీకు చేరే అవకాశం పావు. మీ ఇద్దరిలోనూ ఉండి, ఇద్దరి నుంచీ ఒకే బిడ్డకి దిగాలంటే ముప్పైరెండింట ఒక వంతు. రెండూ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, ఒక్కటీ లేనివాళ్లకీ వస్తుంది. అందుకే ఆ పరీక్ష వద్దంటాను, పిల్లలకి అసలే వద్దు.

ఆ డబ్బుతో ముందు అమ్మమ్మగారిని న్యూరాలజీ డాక్టరుకి చూపించండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, చెవుడు కూడా మతిమరుపులాగే కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి వైద్యం ఉంది. వయసు మీదపడింది కదా అని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మీవారి బస్తా లెక్క గురించి బెంగ వద్దు. పనుల ఒత్తిడిలో అందరికీ ఒకసారి పొరపాటు జరుగుతుంది. ఆయన బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వినికిడి చూపించుకోవాలి, సిగరెట్ ఉంటే మానాలి. ఇలాంటి 14 కారణాలను సరిచేసుకుంటే 45 శాతం డిమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో వీలవుతుందని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో మరో మాట చెప్పింది: ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. మార్కెట్‌లో మహారాష్ట్ర సరుకు తెచ్చేవాళ్లతో మీవారు హిందీ మాట్లాడుతుంటే, మాట్లాడనివ్వండి.

అన్నం పెట్టలేదని అమ్మమ్మగారు అంటే ‘ఇందాకే తిన్నావుగా’ అని వాదించకండి. కాస్త మజ్జిగ ఇచ్చి మాట మళ్లించండి. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.