నెమరు వేసే గేదె దవడను గమనించండి

దాణా తగ్గించలేదు, గడ్డి మార్చలేదు, అయినా వెన్న శాతం పడిపోతున్నదని కొందరు సభ్యులు అంటూ ఉంటారు. అటువంటప్పుడు ముందుగా అనుమానించేది పాలు పరీక్షించే యంత్రాన్ని, ఆ తరువాత దాణా బస్తాను. పశువు నోటిని చూడాలని సాధారణంగా ఎవరికీ తోచదు. అయిదారు ఈతలు దాటిన గేదె అయితే నోటితోనే మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం.

సంతలో వయసు కట్టడానికి పెదవి ఎత్తి చూసేవి కింది ముందు పళ్ళు. అవి 8. పైన ముందు పళ్ళు ఉండవు, వాటి చోట గట్టి చిగురు ఉంటుంది. ఈ 8 పళ్ళు కొద్దిగా కదలడం సహజమే, జబ్బు కాదు. ఇవి గడ్డి తెంపడానికే. నమిలే పని లోపలి దవడ పళ్ళది. పైన 12, కింద 12, అన్నీ కలిపి 32 పళ్ళు. బేరంలో ఎవరూ చూడనివి ఈ దవడ పళ్ళే.

పశువు దవడ పక్కకు ఆడుతుంది. దీనికి కారణం ఉన్నది. కింది దవడ పై దవడ కన్నా ఇరుకు. అందువల్ల రెండు వైపుల పళ్ళూ ఒకేసారి సరిగా కలవవు. కింది దవడ ఒక పక్కకు జరిగి, పైకి లేచి, లోపలి వైపుకు ఒరుసుకుంటూ వస్తుంది. ఆ సమయంలో ఆ పక్క పళ్ళే పని చేస్తాయి, రెండో పక్కవి ఎడంగా ఉంటాయి. సన్నికల్లు మీద పొత్రంతో నూరడం వంటిదే ఇది. పంటిలో గట్టి పింగాణీ పొరలు, వాటి నడుమ కొంత మెత్తని భాగం ఉంటాయి. మెత్తనిది ముందుగా అరిగి, గట్టి గీతలు పైకి నిలుస్తాయి. తిరగలికి మనం కూలి ఇచ్చి గంట్లు కొట్టిస్తాము. పశువు పంటికి ఆ పని దానంతట అదే జరిగిపోతుంది.

అయితే దవడ పూర్తిగా పక్కకు ఆడినంత కాలమే ఇది సవ్యంగా సాగుతుంది. ఆట తగ్గితే పై పళ్ళ బయటి అంచు, కింది పళ్ళ లోపలి అంచు అరగక కత్తి వలె నిలుస్తాయి. పై అంచు బుగ్గను, కింది అంచు నాలుకను కోస్తుంది. పుండు పడిన పక్క పశువు నమలదు, నమలని పక్క అంచు ఇంకా పెరుగుతుంది. ఒక పన్ను ఊడితే దాని ఎదురు పన్ను ఒరిపిడి లేక పొడవై, దవడ కదలికకే అడ్డు తగులుతుంది. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల వలె నీటిలో ఫ్లోరైడు ఎక్కువ ఉన్న చోట దూడగా ఉన్నప్పుడే పింగాణీ దెబ్బతిని, పళ్ళు త్వరగా, ఎగుడుదిగుడుగా అరుగుతాయి.

వెన్నకు దీనితో ఏమి సంబంధమని అడగవచ్చు. నమిలినప్పుడే లాలాజలం బాగా ఊరుతుంది. పెద్ద ఆవుకు రోజుకు 100 లీటర్లు దాటుతుంది. అందులోని సోడా వంటి క్షారం పొట్టలోని పులుపును అణచి ఉంచుతుంది. నమలడం తగ్గితే పులుపు పెరుగుతుంది, పీచు సరిగా జీర్ణం కాదు, వెన్న దిగిపోతుంది.

గేదె పడుకొని నెమరు వేస్తున్నప్పుడు ఎదురుగా కొంచెం దూరంలో కూర్చోండి. ఒక్కో ముద్దను సుమారు 40 నుండి 60 సార్లు నమలాలి. మధ్యలో ఆగుతున్నదా, తల వంచి నములుతున్నదా, రోజుల తరబడి ఒకే పక్క వాడుతున్నదా చూడండి. సగం నమిలిన గడ్డి ముద్దలు గాడిలో పడి ఉండడం, పేడలో పొడవైన పీచు, నలగని గింజలు కనిపించడం కూడా గుర్తులే. బుగ్గ పైనుంచి దవడ పళ్ళ వెంబడి మెల్లగా నొక్కితే బాధ ఉన్న పశువు తల గుంజుకుంటుంది.

ఇంతవరకే మీ పని. చెయ్యి నోటిలో పెట్టవద్దు. చొంగ కారుస్తూ, మింగలేకపోతున్న పశువుకు గొంతులో ఏదో ఇరుక్కున్నదని చెయ్యి పెట్టేవారు ఉన్నారు. అది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చిన రేబిస్ కావచ్చు. ఆ చొంగ చేతి మీది చిన్న గీతకు తగిలినా మనిషికి ప్రాణాపాయం. తగిలితే వెంటనే సబ్బుతో, ధారగా పోసిన నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోవాలి. అనుమానం తీరేదాకా ఆ పశువు పాలు ఇంట్లో తాగరాదు, సంఘంలో పోయరాదు. గాలికుంటులో కూడా చొంగ కారుతుంది, కాని దానిలో గిట్టల మధ్య కూడా పుండ్లు ఉంటాయి. తేడా పశువైద్యుడే తేల్చాలి.

అది పళ్ళ దోషమే అయితే ఆయన పశువును ట్రెవిస్‌లో నిలిపి, నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, ఆకురాయితో మొనదేలిన అంచులను రాస్తారు. మామూలు ఇనుప ఆకురాయితో ఇంటి దగ్గర ఈ పని చేయబూనడం తగదు. పుండు మానేవరకు చొప్పను, వరిగడ్డిని ముక్కలు చేసి, నీటితో తడిపి, లేత పచ్చిగడ్డి కలిపి పెట్టండి. తవుడు, చెక్క జావలా కలిపి ఇవ్వండి. ముక్కలు మరీ పొడి కారాదు, పొడి మేతకు పశువు నెమరు వేయదు. నెల తరువాత మళ్ళీ ఎదురుగా కూర్చొని లెక్కపెట్టండి.