నాలుగున్నర ఎకరాల టెలిస్కోపు

విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు డిపార్టుమెంటు పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదు. పుస్తకాల్లో ఇంకా రాయని సంగతులు కూడా అక్కడ వెతుకుతారు. దీనినే పరిశోధన అందురు. ఒక్కో గుంపు ఒక్కో ప్రశ్న పట్టుకొని ఏళ్ళ తరబడి దాని మీదే ఉంటుంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు డిపార్టుమెంటు పేరు కావెండిష్ లాబొరేటరీ. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును, 1932లో చాడ్విక్ న్యూట్రానును అక్కడే కనిపెట్టారు. ఈ పేర్లు పరీక్షకు వస్తాయి. నేను రాసేది పరీక్షకు రాని ఒక అమ్మాయి గురించి.

ఆమె జోసెలిన్ బెల్. ఉత్తర ఐర్లాండులో పెరిగింది. ఆమె బడిలో మగపిల్లల్ని సైన్సుకు, ఆడపిల్లల్ని వంట క్లాసుకు పంపారంట. అమ్మానాన్నలు పోయి గట్టిగా అడిగితేనే సైన్సులో కూర్చోనిచ్చారు.

1965లో ఆమె కేంబ్రిడ్జిలో పరిశోధనకు చేరింది. గురువు ఆంటొనీ హ్యూయిష్. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టడం వాళ్ళ గుంపు పని. టెలిస్కోపంటే గొట్టం అనుకోకండి. అది నాలుగున్నర ఎకరాల పొలం! వెయ్యికి పైగా గుంజలు పాతి తీగలు కట్టారు. ఆమె, ఇంకొందరు కలిసి రెండేళ్ళు కష్టపడ్డారు. సమ్మెట కూడా పట్టింది. కంచె కట్టిన ఇంటి పిల్లలకు ఈ పని తెలుసు. తీగల కింద గడ్డి పెరగకుండా గొర్రెల్ని మేపేవాళ్ళు.

తర్వాత కష్టం కళ్ళకు. తరంగాలు వచ్చినట్లల్లా పెన్ను కాగితం మీద గీత గీస్తూ పోతుంది. రోజుకు దాదాపు 30 మీటర్ల కాగితం. అంతా ఆమే చూడాలి. 1967 ఆగస్టులో ఒకచోట చిన్న గజిబిజి గీత కనబడింది. వేరేవాళ్ళయితే వదిలేసేవాళ్ళేమో. ఆమె పాత కాగితాలు కూడా తిరగేసింది. ఆకాశంలో ఒకే చోటు నుంచి వస్తోంది! నవంబరు 28న కాగితాన్ని వేగంగా నడిపి చూస్తే టిక్, టిక్, టిక్. సుమారు 1.3 సెకన్లకు ఒకటి, తప్పకుండా.

వేరే లోకం వాళ్ళేమోనని తమాషాకు 'చిన్న పచ్చ మనుషులు' అని పేరు పెట్టారు. డిసెంబరులో ఆకాశంలో ఇంకో వైపు అలాంటిదే దొరికింది. రెండు లోకాల వాళ్ళు ఒకేసారి మనల్నే పిలవరు కదా. అది గిర్రున తిరిగే చచ్చిన నక్షత్రం. ఎక్కువ భాగం న్యూట్రాన్లే. చాడ్విక్ గారిది ఇక్కడ పనికొచ్చింది. రాత్రి ఎవరైనా బ్యాటరీ లైటు తిప్పుతుంటే వెలుగు మన మొహం మీద పడి పోతుంది చూడండి, దాని రేడియో తరంగాలు అట్లా వస్తాయి. దీనిని పల్సార్ అందురు.

1974లో నోబెల్ బహుమతి హ్యూయిష్‌కు, గుంపు పెద్ద మార్టిన్ రైల్‌కు ఇచ్చారు. గీతను చూసిన ఆమెకు ఇవ్వలేదు. ఇది నాకు న్యాయంగా లేదు. ఆమె మాత్రం తగువు పడలేదు.

2018లో ఆమెకు వేరే బహుమతి, 30 లక్షల డాలర్లు వచ్చింది. మొత్తం ఇచ్చేసింది. ఫిజిక్సు పరిశోధనలో తక్కువమంది ఉన్న వాళ్ళకు, అంటే ఆడవాళ్ళకు, అక్కడి చిన్న జాతుల వాళ్ళకు, దేశం విడిచి వచ్చిన శరణార్థులకు, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు.